మంచుగప్పిన నిప్పు

మొదటి రోజు: రేక్యానెస్ ద్వీపకల్పం

ఐస్‌లాండ్‌లో విమానాశ్రయం దాటగానే లావా. ఆ తర్వాతా లావానే. ఎటు చూసినా నల్లగా గడ్డకట్టి, నాచు పట్టి, కాలు పెడితే చెప్పు అడుగు గీసుకుపోయే గరుకు నేల. బావ కారు అద్దం దించి చాలాసేపు చూసి, "ఇది ఇంకా కడుతున్న చోటు. పని పూర్తి కాలేదు" అన్నాడు. ముప్పై ఏళ్లు వంతెనలు కట్టిన మనిషి, ఏ నేలనైనా పునాది కోసమే చూస్తాడు. నేను కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. అగ్నిపర్వతాలు నా కోరిక, హిమానీనదాలు అతని కోరిక. బయలుదేరే ముందు చెరో జాబితా రాసుకున్నాం. మూడో రోజుకల్లా ఏ చోటు ఎవరి జాబితాలోదో చెప్పడం కష్టమైంది.

అట్లాంటిక్ అడుగున పొడవునా సాగే పర్వతశ్రేణి ఈ ద్వీపకల్పం కొస దగ్గర నీళ్లు వదిలి నేలెక్కుతుంది. ఉత్తర అమెరికా భూఫలకం పడమరకు, యురేషియా ఫలకం తూర్పుకు జరుగుతూ ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు ఎడమవుతున్నాయి. ఒక ఇసుక పగులు మీద చిన్న నడకవంతెన వేసి, రెండు ఖండాలను కలిపే వంతెన అని పేరు పెట్టారు. జనం మధ్యలో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నిజానికి ఆ సరిహద్దు గీతలా ఉండదు. కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న పగుళ్ల పట్టీ అది, వంతెన కిందున్నది వాటిలో ఒకటి. ఈ సంగతి చెబితే బావ, "పగులు ఏదైతేనేం, కదిలే నేల మీద వేసేటప్పుడు ఒక కొసనైనా వదులుగా ఉంచారా లేదా?" అని వంగి చూశాడు.

మధ్యాహ్నం ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ దగ్గర 2021 నాటి లావా అంచుకు నడిచాం. ఆ ఏడాది మార్చి 19న నేల పగిలి ఆరు నెలల పాటు లావా పారింది. ద్వీపకల్పం మీద దాదాపు 800 ఏళ్ల తర్వాత నిప్పు కనిపించడం అదే. నా దృష్టిలో దాని గొప్పతనం వేరు. చాలా అగ్నిపర్వతాల్లో శిలాద్రవం పైకి వచ్చేలోగా ఏదో ఒక గదిలో ఆగి, చల్లబడి, స్వభావం మార్చుకుని వస్తుంది. ఇక్కడ 15 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి, అంటే భూపటలం ముగిసి దాని కిందున్న మందపాటి వేడి రాతిపొర, ప్రావారం, మొదలయ్యే చోటు నుంచి, దాదాపు నేరుగా వచ్చేసింది. వారాలు గడిచేకొద్దీ దాని రసాయన కూర్పు మారుతూ పోయింది. మొదట తక్కువ లోతులో కరిగిన సరుకు, తర్వాత ఇంకా కింద కరిగినది. ప్రావారం లోపలి నుంచి ఎవరో తాజా నమూనాలు తెచ్చి ప్రయోగశాల గడపలో పెట్టినట్టు.

గ్రిందావిక్ ఊరు దూరం నుంచే చూశాం. 2023 నవంబరు 10 రాత్రి ఊరంతా ఖాళీ చేశారు. ఆ డిసెంబరు నుంచి పక్కనున్న పగులు పదేపదే తెరుచుకుంది. జనవరిలో లావా ఇళ్ల దాకా వచ్చింది. దాన్ని మళ్లించడానికి పోసిన మట్టికట్టలను బావ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు.

ఈ చుట్టుపక్కల ఇప్పుడు మంచు లేదు. కానీ ఊరి వెనకున్న తోర్‌బ్యోర్న్ కొండ, దూరాన గోపురంలా నిలిచిన కేలిర్, రెండూ మంచు అడుగున పుట్టినవే. అదెలా తెలుస్తుందని బావ అడిగాడు. రాయి రంగు చూడమన్నాను. చుట్టూ నలుపు, ఆ కొండలు మాత్రం గోధుమవన్నె. మిగతాది రేపు చూపిస్తానన్నాను. నిజం చెప్పాలంటే మిగతాది నాకూ అప్పటికి స్పష్టంగా తెలియదు.

రెండో రోజు: తింగ్‌వెట్లిర్, ఆపైన రెండు కొండలు

930లో ఐస్‌లాండ్ వాసులు తమ చట్టసభను నేల చీలిన చోట పెట్టుకున్నారు. ఒక వైపు నిట్టనిలువు రాతిగోడ, కింద పచ్చిక, అవతల సరస్సు. గొంతెత్తి చెబితే గోడకు తగిలి మాట అందరికీ వినిపిస్తుంది. తాము కూర్చున్నది రెండు ఫలకాలు విడిపోయే చోటని వాళ్లకు తెలిసే వీలు లేదు. 1789లో భూకంపాలకు లోయ అడుగు కుంగి సరస్సు నీరు పచ్చిక మీదికి వచ్చింది. కొన్నేళ్లకు సభ అక్కడి నుంచి లేచిపోయింది.

గోడ పక్కన నడుస్తుంటే బావ అసలు ప్రశ్న వేశాడు. "నేల చీలితే సందు పడాలి. కింద రాయి ఎందుకు కరుగుతుంది? చీలిక వేడి పుట్టిస్తుందా?"

చీలిక వేడిని పుట్టించదు, బరువును తీసేస్తుంది. ప్రావారం అంతటా రాయి కరగడానికి చాలినంత వేడి ఎప్పుడూ ఉంటుంది. పైనున్న బరువు దాన్ని నొక్కిపెట్టి ఘనంగానే ఉంచుతుంది. ఒత్తిడి పెరిగితే రాతి ద్రవీభవన స్థానమూ పెరుగుతుంది. ఫలకాలు ఎడమై కింది రాయి మెల్లగా పైకి జరిగితే, వేడి అంతే ఉండి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి కొంత కరుగుతుంది. పసిఫిక్ అంచుల్లో జరిగేది వేరు. అక్కడ ఒక ఫలకం మరోదాని కిందికి దూరుతూ తనతో నీటిని తీసుకుపోతుంది. ఆ నీరు కలిసి రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఐస్‌లాండ్‌కు ఫలకాల ఎడబాటుతో పాటు కింద నుంచి లేచే వేడి ప్రావారపు స్తంభం కూడా తోడైంది. అందుకే ఆ పర్వతశ్రేణిలో మిగతా చోట్ల సముద్రం అడుగునే ఉండిపోయేది ఇక్కడ దేశమైంది.

మధ్యాహ్నం గులకరాళ్ల కొండదారిలో ఉత్తరానికి వెళ్లాం. ఈ యాత్రలో ఒక్క రోజే మళ్లీ గడపనిస్తానంటే ఈ సాయంత్రమే కోరుకుంటాను. ఎదురుగా రెండు కొండలు. ఎడమన స్క్యాల్ద్‌బ్రేదుర్, అంటే వెడల్పాటి డాలు. పేరుకు తగ్గట్టే బోర్లించిన డాలులా, వాలు ఉందా లేదా అన్నట్టుగా మైళ్ల దూరం పరుచుకుని ఉంది. కుడిన హ్లోదుఫెట్ల్. పక్కలు నిట్టనిలువు, తల బల్లపరుపు. రెండూ బసాల్టే, అంటే పలుచని లావా గడ్డకట్టిన నల్లరాయే, రెండూ ఒకే చీలిక పట్టీలో పక్కపక్కనే పుట్టినవి. ఒకదానికొకటి ఏ పోలికా లేదు.

డాలు కొండ మంచుయుగం ముగిశాక పుట్టింది. పైన ఆకాశం తప్ప మరేమీ లేదు. పలుచని లావా పారినంత మేరా పారి ఆరింది. బల్లకొండ పుట్టేటప్పుడు దాని పైన వందల మీటర్ల మంచు ఉంది. 1,200 డిగ్రీల బసాల్ట్ మంచు అడుగున బయటపడితే ముందు తన చుట్టూ నీటి గుహ తొలుచుకుంటుంది. ఒక ఘనమీటరు బసాల్ట్ పూర్తిగా చల్లారేలోగా పది ఘనమీటర్లకు పైగా మంచును కరిగించగలదు. 500 మీటర్ల మంచు బరువంటే దాదాపు 45 వాతావరణాల ఒత్తిడి. ఆ ఒత్తిడిలో నీరు ఆవిరై పేలలేదు, శిలాద్రవంలో కరిగి ఉన్న వాయువులూ సులువుగా విడిపోలేవు. కాబట్టి లావా దిండ్లు పేర్చినట్టు ముద్దలు ముద్దలుగా గడ్డకడుతుంది. కొండ ఎదిగి పైబరువు తగ్గాక పేలుళ్లు మొదలవుతాయి. లావా నీళ్లలో ముక్కచెక్కలై గాజుపొడిగా మారుతుంది. ఆ గాజు నీటితో చర్య జరిపి తేనెరంగులోకి తిరిగి గట్టిపడుతుంది. ఐస్‌లాండ్ వాళ్లు దీన్ని మోబెర్గ్ అంటారు. నిన్నటి గోధుమవన్నె అదే. చివరకు కొండ తల నీటి పైకి వస్తే అక్కడి నుంచి మామూలు లావా పారి, బల్లపరుపు మూతలా పరుచుకుంటుంది.

"అంటే మూత మొదలైన ఎత్తు చూస్తే అప్పటి నీటిమట్టం తెలుస్తుంది" అన్నాడు బావ. తెలుస్తుంది. ఆనాటి మంచు ఎంత మందమో ఇలాంటి కొండల ఎత్తును బట్టే లెక్కగడతారు. బావ కారు ఎక్కేవరకూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. వంతెన స్తంభం మీద పాత వరద గుర్తును చూసే చూపు అది.

మూడో రోజు: ఎయ్యాఫ్యాట్లాయోకుత్ల్

ఈ పేరు పలకడానికి 2010లో ప్రపంచంలోని వార్తా చదువరులంతా అవస్థపడ్డారు. విడదీస్తే మామూలు మాటే: దీవుల కొండల హిమానీనదం. మాకు ఎదురుగా ఉన్న దీవులకు పెట్టిన పేరు కొండలకు, కొండల పేరు మంచుకు అంటుకుంది.

అద్దె కారు దాటలేని వాగులు దారిలో ఉన్నాయి కనుక పెద్ద చక్రాల బస్సులో వెళ్లాం. దారిలో గీగ్‌యోకుత్ల్ దగ్గర ఆపారు. అగ్నిబిలం నుంచి కిందికి దిగిన మంచు నాలుక అది. 2010కి ముందు దాని పాదాల దగ్గర ఒక సరస్సు ఉండేది. ఇప్పుడు బూడిదరంగు గులకనేల. సరస్సు ఎండిపోలేదు, పూడిపోయింది. 2010 ఏప్రిల్ 14న కొండ తల మీద 200 మీటర్ల మంచు కింద నిప్పు తెరుచుకుంటే, కరిగిన నీరు ఈ నాలుక మీదుగా దూకి, సరస్సును రాళ్లతో నింపి, మార్కర్‌ఫ్లోత్ నదిలో పడింది. అప్పుడక్కడి వాళ్లు చేసిన పని విని బావ ముఖం వెలిగింది. వరద పెద్ద వంతెనను కొట్టుకుపోకుండా, దాని పక్కన రహదారినే యంత్రాలతో తవ్వి గండ్లు కొట్టారు. నీరు గండ్లలోంచి పోయింది, వంతెన నిలిచింది. "రోడ్డు రెండు రోజుల్లో పూడుస్తాం. వంతెన కట్టాలంటే రెండేళ్లు" అన్నాడు బావ, తానే గండి కొట్టించినంత తృప్తిగా.

తర్వాత ఫిమ్‌వోర్దుహాల్స్ కనుమకు ఎక్కుడు. దారిలో పిల్లి వీపులని పేరున్న సన్నని గట్టు ఉంది, రెండు పక్కలా లోయ. బావ అక్కడ నా సంచి పట్టుకుని నడిచాడు, అది నా కోసమో తన కోసమో అడగలేదు. పైన మాగ్నీ, మోదీ అనే రెండు చిన్న కొండలు ఉన్నాయి. ఉరుముల దేవుడు తోర్ కొడుకుల పేర్లు. వాటి వయసు మా పక్కింటి కుర్రవాడి కంటే తక్కువ. 2010 మార్చి 20న పుట్టాయి. ఎర్రగా, నల్లగా, చిట్టెం పోసిన కుప్పల్లా ఉన్నాయి. ఇక్కడ లావా చిమ్మింది, పారింది, జనం దగ్గరికి వచ్చి చూశారు. ఎవరికీ ఇబ్బంది లేదు. ఏప్రిల్ 12న ఆగింది. రెండు రోజుల తర్వాత, ఇక్కడికి పది కిలోమీటర్ల లోపు దూరంలో, తల మీద బద్దలైనప్పుడు ఐరోపా ఆకాశం మూతపడింది. రద్దయిన విమానాలు దాదాపు 1,00,000.

అదే కొండ, అదే నెల. తేడా ఎక్కడ వచ్చిందన్నది నా సొంత సబ్జెక్టు కాబట్టి కాస్త సాగదీస్తాను. శిలాద్రవం ఎలా నడుచుకుంటుందో తేల్చేది ముఖ్యంగా అందులోని సిలికా. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని గొలుసులు కడతాయి. గొలుసులు పెరిగితే ద్రవం చిక్కబడుతుంది. మన ఆలంకారికులు కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు చెప్పారు. శిలాద్రవాన్ని చూసి ఉంటే ఇక్కడా అవే పేర్లు పెట్టేవారు. కనుమ మీద వచ్చిన బసాల్ట్‌లో సిలికా 47 శాతం దగ్గర. పలుచన, అందులోని వాయువులు సులువుగా జారిపోతాయి. తల మీద వచ్చినదానిలో 58 శాతం దగ్గర. చిక్కన, అందులో చిక్కుకున్న వాయువు బయటపడాలంటే ద్రవాన్ని చీల్చుకునే రావాలి. కింద నుంచి వచ్చిన తాజా బసాల్ట్, కొండ కడుపులో ఎప్పటి నుంచో చల్లబడుతూ కూర్చున్న పాత చిక్కని సరుకును తాకి, వేడెక్కించి, దానితో కలిసింది. ఆ పైన మంచు. కరిగిన నీరు తగిలి చిక్కని ద్రవం గాజులా పగిలి సన్నని బూడిదైంది.

"అయితే నేరం మంచుదా, సిలికాదా?" అన్నాడు బావ.

ఇద్దరిదీ. మొదటి రోజుల్లో మంచు పాత్ర పెద్దది. బిలం చుట్టూ మంచు కరిగిపోయి నీరు తగ్గాక కూడా మే నెలలో సన్నని బూడిద ఎగుస్తూనే ఉంది, అది శిలాద్రవం సొంత గుణం. మంచు ఒక్కటే కారణమని అప్పట్లో చాలాచోట్ల చదివాను. సగం నిజం. ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్నాను: బసాల్ట్ సాధుజంతువు.

నాలుగో రోజు: కాట్లా నీడలో

సోల్‌హేమాయోకుత్ల్ నుంచి దిగే నది పక్కన కారు ఆపగానే కుళ్లిన గుడ్డు వాసన. హైడ్రోజన్ సల్ఫైడ్, నాకు పాత నేస్తం. ఈ నదికి కంపువాగు అనే పాత పేరు ఉంది. పైన మిర్దాల్స్‌యోకుత్ల్ మంచు అడుగున కాట్లా అగ్నిపర్వతం నిద్రపోతోందని ఈ వాసనే సాక్ష్యం. మంచు పైభాగంలో అక్కడక్కడా గుండ్రంగా కుంగిన గుంటలు ఉన్నాయి. కింది వేడికి మంచు అడుగు నుంచి కరుగుతుంటే పైన ఇలా కుంగుతుంది. గుంట ఎంత లోతుకు పోతోందో కొలుస్తూ ఉంటే, కనిపించని పొయ్యి ఎంత మండుతోందో తెలుస్తుంది.

కాట్లా చివరిసారి పెద్దగా బద్దలైంది 1918 అక్టోబరు 12న. మంచు అడుగు నుంచి ఊడిపడిన వరద గరిష్ఠ స్థాయిలో సెకనుకు 3,00,000 ఘనమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అమెజాన్ నది సగటు ప్రవాహం సుమారు 2,00,000. అది తెచ్చిపోసిన రాళ్లకు, ఇసుకకు తీరం ముందుకు జరిగింది, సముద్రం వెనక్కి పోయింది. దీనికి ఐస్‌లాండ్ మాట యోకుల్‌హ్లోయిప్, హిమానీనదపు పరుగు. ప్రపంచంలోని భూశాస్త్రవేత్తలంతా ఈ మాటనే వాడతారు. తెలుగులో హిమవరద అనుకోవచ్చు. ఆ పరుగు మాత్రం ఈ మాటలో రాదు.

వీక్ ఊళ్లో చర్చి గుట్ట మీద ఉంది. హెచ్చరిక వస్తే ఊరంతా అక్కడికి ఎక్కాలి. దాని గోడ పక్కన కూర్చుని సముద్రం చూశాం. ఊరి తూర్పున మూలక్విస్ల్ మీది వంతెన 2011 జులైలో చిన్న హిమవరదకే పోయింది. వారంలో తాత్కాలిక వంతెన వేశారు. బావ "వారమా?" అని మూడుసార్లు అడిగాడు.

అయిదో రోజు: ఇసుక

ఉదయమంతా కారు కిటికీలోంచి నాచు. ఎల్ద్‌హ్రోయిన్, 1783 జూన్ 8న లాకీ పగులు నుంచి మొదలై ఎనిమిది నెలలు వచ్చిన లావా. 27 కిలోమీటర్ల పొడవున బిలాల వరుస, 14 ఘన కిలోమీటర్లకు పైగా బసాల్ట్. మంచు ప్రమేయం లేదు, చిక్కదనమూ లేదు. అయినా దానితో పాటు వచ్చిన సుమారు 12 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ ఐరోపా మీద పొగమంచై పరుచుకుంది. ఫ్లోరిన్ గడ్డి మీద పడి, ఆ గడ్డి మేసిన పశువులు పళ్లూ ఎముకలూ చెడి చచ్చాయి. తర్వాతి కరువులో ఐస్‌లాండ్ జనాభాలో అయిదో వంతు పోయింది. సాధుజంతువు అని రాసిన వాక్యాన్ని కారులోనే కొట్టేశాను.

మధ్యాహ్నానికి స్కేదరార్‌సందుర్. మంచుకూ సముద్రానికీ మధ్య నల్ల ఇసుక మైదానం, అవతలి అంచు కనిపించదు. రోడ్డు పక్కన రెండు ఇనుప దూలాలు మెలితిరిగి పడి ఉన్నాయి. 1996 వరదలో పోయిన వంతెన ముక్కలు. గుర్తుగా ఉంచారు. బావ కారు దిగి వాటి దగ్గరికి వెళ్లి, ఒక చేయి దూలం మీద వేసి నిలబడ్డాడు. కాసేపు ఆయన్ను పలకరించలేదు.

ఆ కథ ఇది. 1996 సెప్టెంబరు 30న వాత్నాయోకుత్ల్ అనే పెద్ద హిమానీనదం అడుగున గ్యాల్ప్ అనే చోట పగులు తెరుచుకుంది. పైన 500 మీటర్లకు మించిన మంచు. కొద్ది రోజుల్లో మంచును తొలుచుకుని పైకి వచ్చింది. రెండు వారాల్లో దాదాపు 3 ఘన కిలోమీటర్ల మంచు కరిగింది. ఆ నీరంతా వెంటనే మైదానం మీద పడుతుందని అందరూ కాచుకు కూర్చున్నారు. రాలేదు. ఒక వారం, రెండు వారాలు, నెల.

"నీరు పల్లమెరుగు" అన్నాడు బావ. "పల్లం ఇటు ఉంటే ఎటు పోయింది?"

మంచు అడుగున ఆ సామెత నడవదు. అక్కడ నీటికి దారి చూపేది కింది నేల వాలు కాదు, ముఖ్యంగా పైన మంచు వాలు. పైవాలు పలుకుబడి నేలవాలుకు దాదాపు పది రెట్లు. పైన మంచు మందంగా ఉన్న చోట ఒత్తిడి ఎక్కువ, పలుచగా ఉన్న చోట తక్కువ. ఆ తేడా నీటిని అవసరమైతే ఎదురు గట్టు కూడా ఎక్కిస్తుంది. గ్యాల్ప్ నీరు అలా పక్కనున్న గ్రిమ్స్‌వోత్న్ బిలంలోని మంచుకప్పిన సరస్సులోకి చేరింది. ఆ సరస్సుకు కట్ట కూడా మంచే. మంచు నీటి మీద తేలుతుంది. నీటిమట్టం మంచుకట్ట మందంలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరైతే కట్టే లేచి తేలబోతుంది. నవంబరు 5న అదే జరిగింది. గంటల్లోనే ప్రవాహం సెకనుకు 45,000 ఘనమీటర్లు దాటింది. ఇళ్లంత మంచుగడ్డలు దొర్లుకొచ్చాయి. చిన్న వంతెన పూర్తిగా, పొడవైన స్కేదరా వంతెనలో కొంత భాగం పోయాయి. ముందే రోడ్డు మూసినందువల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇసుకలో కూరుకుపోయిన మంచుగడ్డలు తర్వాత కరిగి గుండ్రని గుంటలు మిగిల్చాయట. రోడ్డుకు కాస్త లోపలికి నడిస్తే అలాంటివి రెండు మూడు కనిపించాయి, కొన్నింటిలో గడ్డి మొలిచింది.

ఇక స్కేదరా వంతెన సంగతి. దాదాపు 900 మీటర్ల పొడవు, దేశంలోకెల్లా పెద్దది. 1974లో అది పూర్తయితేనే దేశం చుట్టూ రహదారి కలిసింది. 1996 వరదను కూడా చాలావరకు తట్టుకుంది. 2009లో హిమానీనదం వెనక్కి తగ్గి, నది పక్క నదిలో కలిసిపోయి, వంతెన కింద నీరే లేకుండా పోయింది. 2017లో వాహనాలు ఆపేశారు. ఇప్పుడు ఇసుక మీద అటూ ఇటూ ఏమీ లేకుండా నిలబడి ఉంది. వరదలో పోయిన వంతెనను చూసి బావ అంత బాధపడలేదు, దీన్ని చూసి నిట్టూర్చాడు.

ఇంకొక ముక్క. ఇన్నాళ్లూ నిప్పు మంచును కరిగిస్తుందనే చెప్పుకున్నాం. 2004 అక్టోబరు చివర గ్రిమ్స్‌వోత్న్‌లో ముందు వరద పోయింది, తర్వాత నవంబరు 1న బిలం బద్దలైంది. సరస్సు ఖాళీ కావడంతో కింద నిండి ఉన్న శిలాద్రవం మీద బరువు హఠాత్తుగా తగ్గింది. సిద్ధంగా ఉన్నదానికి ఆ చిన్న సడలింపు చాలింది. రెండో రోజు రాతిగోడ పక్కన నేను చెప్పిన పాఠమే ఇది, కాకపోతే లక్షల ఏళ్ల పని రోజుల్లో.

ఆరో రోజు: ఎరైవి

వర్షం. బావ మోకాలు నొప్పి. మార్గదర్శకురాలి వెంట ఫాత్ల్‌యోకుత్ల్ అనే మంచు నాలుక మీదికి నేనొక్కణ్ణే వెళ్లాను. బూట్లకు ముళ్ల పట్టాలు కట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తుంటే, మంచులో నల్లని చారలు కనిపించాయి, బూడిద పొరలు. మంచు మీద బూడిద పలుచగా పడితే నల్లదనం ఎండను పీల్చి కరుగుదల పెంచుతుంది. మందంగా పడితే దుప్పటిలా కాపాడుతుంది. అందుకే అక్కడక్కడా నల్లని శంకువులు లేచి ఉన్నాయి. మట్టికుప్ప అనుకుని ఒకదాన్ని కర్రతో గీకాను. వేలెడు మందం బూడిద, లోపలంతా మంచు.

ఈ నాలుక దిగేది ఎరైవాయోకుత్ల్ నుంచి. దేశంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 2,110 మీటర్లు, దాని అంచునే ఉంది. 1362లో ఈ కొండ రయోలైట్ కక్కింది. సిలికా 70 శాతానికి పైబడిన నారికేళపాకం. ఈ దేశంలో మనుషులు కాపురం ఉన్న కాలంలో ఇంత పెద్ద పేలుడు మరొకటి లేదు. అంతకు ముందు ఇక్కడి పల్లెసీమ పేరు లిత్లా హేరద్, చిన్న మండలం. తర్వాత పేరు ఎరైవి, బీడునేల. ఇప్పటికీ అదే పేరు. 2017లో బిలంలో మంచు కొత్తగా కుంగితే అందరూ ఉలిక్కిపడ్డారు, తర్వాత సద్దుమణిగింది.

తిరిగొచ్చేసరికి బావ గది కిటికీ పక్కన కాగితం మీద ఏదో గీస్తున్నాడు. "నిన్నటి నుంచి ఒకటి తేలడం లేదు. ఆ పగులు మంచు కింద కాకుండా బయట తెరుచుకుని ఉంటే?" అన్నాడు. దానికి జవాబు 2014లో దొరికిందన్నాను. మంచు కిందున్న బార్దార్‌బుంగా అగ్నిపర్వతం నుంచి శిలాద్రవం భూమి లోపలే పగులు చేసుకుంటూ 45 కిలోమీటర్లకు పైగా పక్కకు పాకి, మంచు అంచు దాటాక హోలుహ్రోయిన్ దగ్గర బయటపడింది. ఆరు నెలలు ప్రశాంతంగా పారి 84 చదరపు కిలోమీటర్లు కప్పింది. అటు బార్దార్‌బుంగా బిలం అడుగు 65 మీటర్లు కుంగింది. అదే సరుకు మంచు కిందే తెరుచుకుని ఉంటే మరో గ్యాల్ప్, మరో వరద. బావ తన గీత పక్కన ఆ దూరం రాసుకున్నాడు.

ఏడో రోజు: హెఫ్న్

యోకుల్సార్లోన్ సరస్సు అందరూ ఫొటోల్లో చూసిందే. నీలం మంచుగడ్డలు, మధ్యలో సీల్ జంతువుల తలలు. వందేళ్ల కిందట ఈ సరస్సు లేదు. మంచు వెనక్కి తగ్గేకొద్దీ 1930ల నుంచి పెరిగింది. మాకు అక్కడ అరగంట చాలింది, జనం ఎక్కువ.

సాయంత్రం హెఫ్న్ రేవు. పేరుకు అర్థమే రేవు. ఇక్కడ నేల ఏడాదికి సెంటీమీటరుకు పైగా పైకి లేస్తోంది. వాత్నాయోకుత్ల్ పశ్చిమ అంచుల దగ్గర అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా. 1890ల నుంచి మంచు పలచబడుతుంటే బరువు తగ్గిన నేల మెల్లగా లేస్తోంది. నేల కింద ప్రావారం మీదా ఆ తగ్గుదల పడుతుంది. మంచుయుగం ముగిసి కిలోమీటరుకు మించిన మందం కరిగిపోయిన కాలంలో, ఉత్తర ఐస్‌లాండ్‌లో లావా వెలువడిన వేగం మామూలుకు దాదాపు 30 రెట్లు అయిందని లెక్కలు ఉన్నాయి. డాలు కొండ ఆ ఊపులో పుట్టినదే. ఇప్పటి కరుగుదల దానితో పోలిస్తే చిన్నది. 2008లో వేసిన ఒక లెక్క ప్రకారం వాత్నాయోకుత్ల్ పలచబడటం వల్ల కింద శతాబ్దానికి దాదాపు 1.4 ఘన కిలోమీటర్ల శిలాద్రవం అదనంగా పుడుతుంది. అందులో చాలా భాగం పైకి రాకుండా లోపలే గడ్డకట్టవచ్చు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఆ లెక్క చెప్పదు.

రేవు నోటి దగ్గర నీరు తక్కువగా ఉంది. చేపల పడవ ఒకటి పోటు కోసం బయట ఆగి ఉంది. నేల ఇలాగే లేస్తుంటే రేవు నోరు ఇంకా లోతు తగ్గుతుందని ఇక్కడి వాళ్ల బెంగ.

బావ జేబులోంచి నిన్నటి కాగితం తీశాడు. "మనం వచ్చి ఏడు రోజులు. ఫలకాలు ఎడమైంది 0.38 మిల్లీమీటర్లు. ఇక్కడ నేల లేచింది ఇంచుమించు 0.2" అని రాసి, కాసేపు పడవను చూసి, "రేవు కట్టే వాడు ఈ రెండో అంకె ఏ కాలమ్‌లో వేసుకుంటాడు?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా పోటు వచ్చింది. పడవ లోపలికి కదిలింది.